ఇంటర్ లేని డిగ్రీతో లా కాలేజీకి

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి ఒక పల్లె నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దని కోరారు కాబట్టి వేయడం లేదు. ఆమెకు 33 ఏళ్ళు. 2007లో పదో తరగతి మంచి మార్కులతో ప్యాసయ్యారు. ఆ వేసవిలోనే తండ్రికి మూత్రపిండాలు పాడయ్యాయని తెలిసింది. మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం వాళ్ళకు ఆ మాట విన్న తరువాత ఇంట్లో ఏం జరుగుతుందో విడమరిచి చెప్పనక్కరలేదు. ఇంటర్‌లో చేరవలసిన అమ్మాయి పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి వెళ్ళింది. ఐదేళ్ళు గడిచాక, ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చదవవచ్చని ఎవరో చెబితే ఆ పరీక్ష రాసి, రాత్రిళ్ళు చదువుకుని, 2016లో 58 శాతం మార్కులతో బీఏ పూర్తి చేశారు. పెళ్ళయింది, మూడో తరగతి చదివే పాప ఉంది. ఎనిమిదేళ్ళుగా ఒక ప్లీడరు గారి దగ్గర గుమస్తాగా పనిచేస్తున్నారు.

ఇప్పుడు ఆమె మూడేళ్ళ ఎల్ఎల్‌బీకి ప్రవేశ పరీక్ష అయిన లాసెట్ రాయాలనుకుంటున్నారు. ప్లీడరు గారు "డిగ్రీ ఉంది కదా, రాసీయమ్మా, ఇంటర్ సంగతి ఎవరు అడిగొచ్చారు" అన్నారట. ఆయన దగ్గరే ఉన్న ఒక జూనియర్ మాత్రం, సీటు వచ్చినా చివరికి, వకీలుగా పేరు నమోదు చేసే బార్ కౌన్సిల్‌లో ఆపేస్తారని భయపెట్టారు. అన్నయ్యేమో ఈ వయసులో నల్లకోటు ఎందుకని నవ్వుతున్నారు. "నా సర్టిఫికెట్ల ఫైలులో పదో తరగతి మెమోకీ డిగ్రీకీ మధ్య ఒక ప్లాస్టిక్ కవరు ఖాళీగా ఉంటుంది. ఎప్పుడు తెరిచినా నా చెయ్యి దానిమీదే ఆగుతుంది. నా డిగ్రీ దొంగ డిగ్రీయా? నాకు అర్హత ఉందా, లేదా? లేకపోతే ఏం చెయ్యాలి? ఎనిమిదేళ్ళ కోర్టు పనికి విలువ ఏమీ లేదా?" అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. విజయనగరంలో చాలాకాలం వకాలత్ చేసి, కొంతకాలం లా విద్యార్థులకు పాఠాలు కూడా చెప్పినవాణ్ణి కాబట్టి, మీరు అడిగినదానికి ఓదార్పు మాటలకన్నా కాగితం మీద ఉన్న నియమం ముందు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. అది మీకు నచ్చేది కాదు. అయితే దారి మూసుకుపోయిందని చెప్పేది కూడా కాదు.

మొదట ఆ 'దొంగ డిగ్రీ' అన్న మాట తీసివేయండి. 1982లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ పెట్టినప్పుడు దాని ఉద్దేశమే మీలాంటివారికి చదువు అందించడం. బడి మధ్యలో మానేసినవారికి అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకోవడం బహిరంగంగా, నియమాల ప్రకారమే జరిగింది. మీరు ఎవరినీ మోసం చేయలేదు. మీ బీఏ బీఏనే. చిక్కల్లా ఎక్కడంటే, ఒక డిగ్రీ డిగ్రీగా చెల్లడం వేరు, ఒక ప్రత్యేకమైన వృత్తికి పునాదిగా చెల్లడం వేరు. న్యాయవాద వృత్తిలోకి ఎవరు రావాలో నిర్ణయించే అధికారం 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఉంది. యూనివర్సిటీ ఇచ్చిన పట్టాను అది తన కొలతతో మళ్ళీ కొలుస్తుంది.

ఆ కొలత 2008లో చేసిన న్యాయవిద్యా నియమాల్లో, ఐదో నియమంలో ఉంది. మూడేళ్ళ ఎల్ఎల్‌బీకి డిగ్రీ కావాలని, ఐదేళ్ళ కోర్సుకు ఇంటర్ లేదా దానికి సమానమైన చదువు కావాలని అది చెబుతుంది. ఆ వెంటనే, ఇంటర్ గానీ డిగ్రీ గానీ దూరవిద్యలో చదివినవారు కూడా అర్హులేనని స్పష్టంగా అంటుంది. చాలామంది ఇంతవరకే చదివి సంతోషపడి పుస్తకం మూసేస్తారు. మీ ప్లీడరు గారు కూడా బహుశా ఇక్కడే ఆగి ఉంటారు. కానీ దాని కింద చిన్న అక్షరాల్లో ఒక వివరణ ఉంది: అవసరమైన ప్రాథమిక అర్హత ఏదీ లేకుండా ఓపెన్ యూనివర్సిటీ పద్ధతిలో నేరుగా ఇంటర్ గానీ డిగ్రీ గానీ పీజీ గానీ పొందినవారు లా కోర్సుల్లో ప్రవేశానికి అర్హులు కారు. లాసెట్ సూచనల్లో డిగ్రీ 10+2+3 పద్ధతిలో, అంటే పదో తరగతి, రెండేళ్ళ ఇంటర్, మూడేళ్ళ డిగ్రీ వరసలో ఉండాలని అడగడం కూడా ఇందుకే. 2009లో అన్నామలై యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు, మొదటి డిగ్రీ లేకుండా ఓపెన్ పద్ధతిలో నేరుగా సంపాదించిన పీజీని ఉద్యోగార్హతగా ఒప్పుకోలేదు. అది లా కాలేజీ కేసు కాదు, కానీ మెట్టు దాటేసి పై మెట్టు ఎక్కితే కోర్టులు ఎలా చూస్తాయో దానినిబట్టి ఊహించవచ్చు.

మీరు కోర్టులో పనిచేసేవారు కాబట్టి మీకు తెలిసిన పోలికతోనే చెబుతాను. భూమి దస్తావేజులు చూసేటప్పుడు లింకు దస్తావేజు అంటారు కదా. తాత పేరున పట్టా ఉంది, మనవడు అమ్మిన క్రయదస్తావేజు ఉంది, మధ్యలో తండ్రికి ఎలా వచ్చిందో చెప్పే కాగితం లేదు. కొనేవాడు తెలిసినవాడైతే కొంటాడు. రిజిస్ట్రేషను కూడా జరిగిపోవచ్చు. కానీ పదేళ్ళ తరువాత బ్యాంకు వకీలు లీగల్ ఒపీనియన్ రాసేటప్పుడు అక్కడే వేలు పెట్టి ఆపుతాడు. అప్పటికి ఆ స్థలంలో ఇల్లు కట్టేసి ఉంటారు. మీ ఫైలులోని ఖాళీ కవరు అలాంటి లింకు. మీ ప్లీడరు గారు కొనేవాడి వైపు నుంచి మాట్లాడుతున్నారు, జూనియర్ బ్యాంకు వకీలు వైపు నుంచి మాట్లాడుతున్నారు. ఇద్దరిలో జూనియర్ చెప్పిందే నిజానికి దగ్గర.

ఇక "ఎవరు అడుగుతారు" అన్నదాని సంగతి. లాసెట్‌కు దరఖాస్తు చేసేటప్పుడు మీరు నింపిన వివరాల ఆధారంగా హాల్‌టికెట్ ఇస్తారు, పరీక్ష రాయనిస్తారు, ర్యాంకు కూడా వస్తుంది. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పు జవాబుకు మార్కు కోత లేదు, అందులో 60 ప్రశ్నలు న్యాయవిషయాల మీదే, తెలుగులో కూడా రాయవచ్చు. మీ అనుభవంతో అర్హత మార్కులు 42 తెచ్చుకోవడం పెద్ద పని కాదని నా నమ్మకం. కానీ పరీక్షలో అర్హత పొందినంత మాత్రాన ప్రవేశానికి హక్కు రాదని ఆ ప్రకటనలోనే రాసి ఉంటుంది. దావాకు నంబరు పడినంత మాత్రాన డిక్రీ వచ్చినట్టు కాదని మీకు నేను చెప్పాలా? కౌన్సెలింగ్‌లో పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మెమోలు వరసగా అడుగుతారు. అక్కడ ఆగిపోతే మీకు పోయేది దరఖాస్తు ఫీజు, కొంత ఆశ. నిజానికి అక్కడే ఆగితే మంచిది. ఆగకపోతేనే ప్రమాదం.

ఎందుకో ఒక సంఘటన చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం మా జిల్లా కుర్రాడొకడు మూడేళ్ళ ఎల్ఎల్‌బీ పూర్తిచేసి బార్ కౌన్సిల్‌లో వకీలుగా నమోదుకు, అంటే ఎన్‌రోల్‌మెంట్‌కు వెళ్ళేటప్పుడు నన్ను తోడు రమ్మన్నాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, కొత్తగా కుట్టించిన నల్లకోటు చేతిమీద. బల్ల అవతలి ఉద్యోగి ఫైలు పేజీలు ఒక్కొక్కటే తిప్పుతూ, పదో తరగతి మెమో చూసి పక్కన పెట్టి, డిగ్రీ చూసి పక్కన పెట్టి, మళ్ళీ వెనక్కి తిప్పి, తల ఎత్తకుండానే "మధ్యది ఏదీ?" అన్నాడు. అంతే. కాలేజీ చేర్చుకుంది, యూనివర్సిటీ పరీక్షలు పెట్టి పట్టా ఇచ్చింది, మూడేళ్ళు ఎవరూ అడగని ప్రశ్న ఆ బల్ల దగ్గర వచ్చింది. ఆ కోటు ఆ రోజు అతను వేసుకోలేదు. తరువాత రిట్ వేద్దామని తిరిగాడు, డబ్బులు చాలక మానేశాడు. ఇప్పుడు వేరే వ్యాపారంలో ఉన్నాడు, బాగానే ఉన్నాడు, కానీ కోర్టు వీధిలోకి రావడం మానేశాడు. మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ నాకు ఆ ప్రశ్నే వినిపించింది.

చదువు పూర్తయిపోయిన విద్యార్థి మీద కోర్టులు దయ చూపుతాయని మీకు ఎవరైనా చెప్పవచ్చు. కాలేజీ తప్పుకు విద్యార్థిని బలిచేయకూడదని న్యాయమూర్తులు భావించే సందర్భాలు ఉంటాయి. కానీ ఆ దయ అడగాలంటే చేతులు శుభ్రంగా ఉండాలి. నియమం తెలిసి, దరఖాస్తులో ఇంటర్ గడిలో ఏదో ఒక నంబరు నింపి, లేదా అర్హత పరీక్ష సర్టిఫికెట్‌నే ఇంటర్‌కు సమానమైనదిగా చూపించి ముందుకు వెళితే, అది దాచడం అవుతుంది. ముఖ్యమైన విషయంలో తప్పుడు సమాచారమిచ్చి వకీళ్ళ జాబితా అయిన రోల్‌లో పేరు ఎక్కించుకున్నవారి పేరును తీసివేసే అధికారం అడ్వొకేట్స్ చట్టం 26వ సెక్షన్ కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఉంది. అంటే పదేళ్ళు ప్రాక్టీసు చేశాక కూడా, గిట్టనివాడు ఒక్క అర్జీ పెడితే మళ్ళీ ఆ ఖాళీ కవరు బయటికి వస్తుంది. కోర్టు వీధిలో గిట్టనివాళ్ళకు కొరత ఉండదని ఎనిమిదేళ్ళలో మీరూ చూసే ఉంటారు. మీ ప్లీడరు గారు మీ మేలు కోరే చెప్పారని నేను నమ్ముతున్నాను. కానీ ఆయన సలహా తప్పితే నష్టపోయేది ఆయన సన్నద్ (వకీలుగా పనిచేసే అనుమతి పత్రం) కాదు, మీది.

కాబట్టి ఇప్పుడున్న కాగితాలతో ఈ ఏడాది లాసెట్ రాయడం నేను సమర్థించే దారి కాదు. పరీక్ష ఎలా ఉంటుందో చూడాలని రాస్తే తప్పులేదు, సీటు మాత్రం తీసుకోవద్దు.

మిగిలిన దారులన్నీ ఇంటర్ దగ్గరే మొదలవుతాయి. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, అంటే అందరూ ఓపెన్ స్కూల్ అనేది, పదో తరగతి ప్యాసైనవారిని ఇంటర్‌లో చేర్చుకుంటుంది. పై వయసు అడ్డు కాదు. ఐదు సబ్జెక్టులు. రోజూ తరగతికి వెళ్ళనక్కరలేదు కాబట్టి మీ ఉద్యోగం పోదు. దూరవిద్యలో చదివిన ఇంటర్ చెల్లుతుందని అదే ఐదో నియమం చెబుతున్నది కాబట్టి ఈ సర్టిఫికెట్‌తో వివాదం ఉండదు. ఒక్క జాగ్రత్త. ఓపెన్ స్కూల్‌లో ప్యాస్ మార్కులు 35 అని, ఏదో గట్టెక్కితే చాలనుకుని చాలామంది దెబ్బతింటారు. ఐదేళ్ళ లా కోర్సులో చేరాలంటే ఇంటర్‌లో మొత్తం మీద 45 శాతం, వెనుకబడిన తరగతులవారికి 42, ఎస్సీ ఎస్టీలకు 40 ఉండాలి. మీరు బీసీ అని రాశారు కాబట్టి 42 మీ గీత. దానికి బాగా పైన ఉండేలా చూసుకోండి. తెలుగు, రాజనీతిశాస్త్రం, చరిత్ర లాంటివి తీసుకుంటే బీఏలో చదివింది అక్కరకు వస్తుంది.

ఇంటర్ చేతికొచ్చాక దారి మూడు పాయలవుతుంది. ఇక్కడే మీరు తొందరపడకుండా ఆలోచించాలి.

అందరికీ మొదట తోచేది, ఇంటర్ వచ్చింది, బీఏ ముందే ఉంది, ఇక ఖాళీ నిండింది కదా, మూడేళ్ళ కోర్సులో చేరిపోదాం అన్నది. చూడడానికి ఇది అన్నిటికన్నా దగ్గరి దారి. కానీ వరస తిరగబడింది. బీఏ 2016లో, ఇంటర్ పదేళ్ళ తరువాత. లింకు దస్తావేజు లేదని, క్రయం జరిగాక వెనక నుంచి ఒకటి రాయించి తెచ్చినట్టు ఉంటుంది. ఆస్తి బదిలీ చట్టం 43వ సెక్షన్ తెలిసినవారు, అమ్మినవాడికి తరువాత హక్కు వచ్చినా ముందు అమ్మకం నిలబడవచ్చు కదా అని నాతో వాదించవచ్చు. వాదన సరదాగానే ఉంటుంది కానీ, చదువుల మెట్లకు ఆ సెక్షన్ లేదు. నియమం అడిగేది డిగ్రీ 'చదవడానికి' కావలసిన ప్రాథమిక అర్హత. బీఏలో చేరిననాడు అది మీ దగ్గర లేదు. ఈ వాదన మీకు అనుకూలంగా సాగవచ్చు, సాగకపోవచ్చు. మూడేళ్ళ జీవితాన్ని, పాప చదువుకు దాచిన డబ్బును పెట్టే ముందు దీనిని ఎవరి నోటిమాట మీదా వదలకండి, నా మాట మీద కూడా. రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు మీ పరిస్థితి పూర్తిగా రాసి, జవాబు కాగితం మీద తెప్పించుకోండి. అది ఎలాగో చివర చెబుతాను.

రెండోది, కొత్త ఇంటర్‌తో నేరుగా ఐదేళ్ళ ఎల్ఎల్‌బీ. ఇందులో పాత బీఏను పక్కన పెట్టేస్తారు, అది ఉన్నా లేనట్టే. పునాది మీద ప్రశ్న ఉండదు. వయసు గురించి మీ అన్నయ్యకు సమాధానం కూడా చెప్పవచ్చు: 2008 నియమాల్లో ఐదేళ్ళ కోర్సుకు 20, మూడేళ్ళ కోర్సుకు 30 ఏళ్ళ పరిమితి పెట్టిన మాట నిజమే కానీ, దానిమీద ఏళ్ళ తరబడి వివాదం నడిచి, 2017 మార్చిలో సుప్రీంకోర్టు ఆ పరిమితి అమలును నిలిపివేసింది. లాసెట్‌కు పై వయసు పరిమితి లేదు. ఇంటర్‌కు ఒక ఏడాది వేసుకుంటే, మీరు కోర్సు ముగించేసరికి నలభై దరిదాపుల్లో ఉంటారు. పద్దెనిమిదేళ్ళ పిల్లల మధ్య కూర్చోవడం మొదటి నెల ఇబ్బందిగా ఉంటుంది, రెండో నెల నుంచి వాళ్ళు మిమ్మల్ని నోట్సు అడుగుతారు. నా తరగతిలో ఒక రిటైర్డు హవల్దారు ఉండేవారు. పిల్లలందరూ ఆయన్ని బాబాయి అనేవారు, నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో ఆయన్ని మించినవాడు లేడు.

అసలు బరువు వయసుది కాదు, హాజరుది. లా కోర్సు దూరవిద్యలో లేదు, ఉండదు. వారానికి 30 గంటల పని, ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు నియమం. కొద్దిపాటి మినహాయింపు ఉన్నా అది ప్రత్యేక కారణాలకే. 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, చదువుతూ ఎక్కడైనా ఉద్యోగం చేస్తున్నారా అని విద్యార్థుల చేత డిక్లరేషన్ తీసుకోవాలని కాలేజీలకు చెప్పింది కూడా. ఉద్యోగం చేస్తూ, పరీక్షలకు మాత్రం వచ్చి వెళ్ళే రోజులు మా కాలంలో ఉండేవి. ఇప్పుడు వాటిని నమ్ముకోకండి. అంటే ఐదేళ్ళ కోర్సు అంటే మీ గుమస్తా జీతం ఐదేళ్ళు పోయినట్టే లెక్క. పైగా ఐదేళ్ళ కోర్సు ఉన్న కాలేజీలు తక్కువ. మీరు విశాఖపట్నం దాకా చూడవలసి రావచ్చు, అప్పుడు హాస్టలు, పాప ఎవరి దగ్గర అన్న ప్రశ్నలు వస్తాయి. సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం మాట ఎవరైనా ఎత్తితే, దానికి లాసెట్ కాదు, జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్ రాయాలి, ఆ పరీక్ష ఇంగ్లీషులోనే ఉంటుంది, ఫీజులు వేరే లోకం.

మూడోది అన్నిటికన్నా పొడవైనది. ఇంటర్ తరువాత మళ్ళీ ఒక డిగ్రీ, ఈసారి దూరవిద్యలో, వరసగా. ఆ తరువాత మూడేళ్ళ ఎల్ఎల్‌బీ. మొత్తం ఏడేళ్ళు, ఒక్కోసారి ఎనిమిది. వినగానే ఎవరైనా వద్దంటారు. కానీ కాగితం తీసుకుని లెక్క వేయండి. ఈ దారిలో మొదటి నాలుగేళ్ళూ మీరు ఉద్యోగం మానక్కరలేదు, ఊరు వదలక్కరలేదు. రోజూ కాలేజీకి వెళ్ళవలసింది చివరి మూడేళ్ళే, అప్పటికి పాప ఏడో తరగతి దాటుతుంది. మూడేళ్ళ కోర్సు దగ్గరలో దొరుకుతుంది. ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది, విజయనగరంలో లా కాలేజీ ఉంది. టెక్కలి నుంచి ఎచ్చెర్ల అంటే శ్రీకాకుళం దాటి వెళ్ళాలి, రోజూ రానుపోను బస్సు ప్రయాణం తేలిక కాదు, అయినా రాత్రికి ఇంటికి చేరవచ్చు. జీతం పోయే కాలం ఐదేళ్ళ నుంచి మూడేళ్ళకు తగ్గుతుంది. చేతిలో కొంత డబ్బు, ఇంట్లో పాపను చూసేవారు, భర్త మద్దతు ఉంటే ఐదేళ్ళ కోర్సే మంచిది, ఏడాదో రెండేళ్ళో కలిసివస్తాయి. మీ జీతంతోనే ఇల్లు నడుస్తుంటే మాత్రం పొడవైన దారే మిమ్మల్ని గమ్యం చేర్చే అవకాశం ఎక్కువ. మీ భర్త సంపాదన గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట కూడా లేదు, తండ్రి డయాలిసిస్ ఖర్చు గురించి అరపేజీ ఉంది. దానినిబట్టి నా మొగ్గు మూడోదాని వైపు ఉంది. కానీ ఇంటి లెక్క మీకే తెలుసు.

ఇక మీ ఎనిమిదేళ్ళ పని సంగతి. అర్హత పత్రాల్లో దానికి గడి లేదు. లేదని దాచను. ఒకప్పుడు ఉండేది. డిగ్రీ లేకుండానే సెకండ్ గ్రేడ్ ప్లీడరు పరీక్ష రాసి కింది కోర్టుల్లో వాదించే పద్ధతి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. టంగుటూరి ప్రకాశం గారు రాజమండ్రిలో అలాగే మొదలుపెట్టి, పైకోర్టులో వాదించే అర్హత కోసం 1904లో బారిస్టరు చదవడానికి ఇంగ్లండు వెళ్ళారు. 1961 చట్టం వచ్చి వకీళ్ళందరినీ అడ్వొకేట్ అనే ఒకే తరగతి కిందికి తెచ్చాక ఆ పక్కదారి మూసుకుపోయింది. అది సమానత్వం కోసం చేసిన పనే, కాని మీలాంటి గుమస్తాలకు ఉన్న నిచ్చెన కూడా దాంతోపాటే పోయింది. ఈ విషయంలో నాకు కొంత బాధ ఉంది. ముప్ఫై ఏళ్ళు అనుభవం ఉన్న గుమస్తా కొత్త వకీలుకు ప్లెయింటు (దావా పత్రం) ఎలా రాయాలో నేర్పి, మర్నాడు ఆ వకీలు వెనకే కట్ట మోసుకుంటూ నడవడం ప్రతి కోర్టులోనూ చూస్తాం.

కానీ సన్నద్ వచ్చిన రోజు నుంచి ఆ ఎనిమిదేళ్ళు లెక్కలోకి వస్తాయి. కొత్తగా వచ్చిన కుర్రవకీలు మొదటి రెండేళ్ళు నేర్చుకునేది మీకు ఇప్పటికే వచ్చు: ఏ కాగితం ఏ బెంచి క్లర్కు దగ్గరికి వెళుతుందో, ఆఫీసు ఏ అభ్యంతరం రాసి రిటర్ను చేస్తుందో, సమన్లు పంపడానికి కట్టే బ్యాటా కట్టకపోతే వాయిదా ఎలా వృథా అవుతుందో. ఐపీసీ సెక్షన్లు నోటికి వచ్చేసరికి దాని స్థానంలో కొత్త నేరచట్టం బీఎన్ఎస్ వచ్చిందని, 2024 జూలై తరువాత మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నానని మీరు రాసిన వాక్యం చదివి నేను నవ్వాను, ఎందుకంటే మా సీనియర్లలో చాలామంది ఇంకా నేర్చుకోలేదు. ఇంగ్లీషు గురించి భయపడ్డారు. హైకోర్టు భాష ఇంగ్లీషే, అందులో సందేహం లేదు. కాని ప్రాక్టీసు కోసం ప్యాసవ్వవలసిన అఖిల భారత బార్ పరీక్షను తెలుగులో కూడా రాయవచ్చు. నోట్సు లేని చట్ట ప్రతులను దగ్గర పెట్టుకోనిస్తారు. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు వేలల్లో ఉంటుందన్న మాట కూడా పాతబడింది. చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి, ఎస్సీ ఎస్టీలకైతే 125కు మించి, వసూలు చేయకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

ఇన్నేళ్ళ ప్రయాణం వద్దనిపిస్తే అదీ ఒక నిర్ణయమే, ఓటమి కాదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ పారాలీగల్ వాలంటీర్లను తీసుకుంటుంది, పదో తరగతి చదువు సరిపోతుంది. జీతం అనదగినంత డబ్బు రాదు. పల్లెల్లో ఉచిత న్యాయసహాయం అందించే పని, ఉద్దానంలో దాని అవసరం ఎంత ఉందో మీకే తెలుసు. చదువు సాగుతుండగా కూడా దీన్ని చేయవచ్చు.

ఇప్పుడు బార్ కౌన్సిల్‌కు రాయవలసిన ఉత్తరం. ఫోనులో అడగకండి, 'మా ఊరివాడు అక్కడ ఉన్నాడు, కనుక్కుంటాడు' అన్నవారి మీద ఆధారపడకండి. ఒక పేజీలో రాయండి: పదో తరగతి ఏ సంవత్సరం, డిగ్రీలో ఏ అర్హత పరీక్ష ద్వారా చేరారు, డిగ్రీ ఏ సంవత్సరం, ఇంటర్ ఇప్పుడు ఓపెన్ స్కూల్‌లో పూర్తి చేయబోతున్నారు. ఆ తరువాత ఒక్కటే ప్రశ్న: ఈ క్రమంలో పొందిన డిగ్రీతో మూడేళ్ళ ఎల్ఎల్‌బీ పూర్తిచేస్తే 2008 నియమాల ఐదో నియమం కింది వివరణ దృష్ట్యా నమోదుకు అభ్యంతరం ఉంటుందా? మెమోల నకళ్ళు జతచేసి, అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. రెండు నెలల్లో జవాబు రాకపోతే, ఇలాంటి కేసుల్లో ఇంతవరకు తీసుకున్న నిర్ణయాల నకళ్ళు ఇమ్మని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగండి. ఆ చట్టం కింద అభిప్రాయం చెప్పమని అడిగితే తోసిపుచ్చుతారు, ఉన్న కాగితం ఇమ్మంటే ఇవ్వాలి. ఈ తేడా మీకు కొత్త కాదనుకుంటాను. జవాబు మీకు అనుకూలంగా, సంతకంతో, తేదీతో వస్తే మొదటి పాయ తెరుచుకుంటుంది, మిగిలిన దారులతో పోలిస్తే రెండు నుంచి నాలుగు సంవత్సరాలు మిగులుతాయి. వ్యతిరేకంగా వచ్చినా, అసలు రాకపోయినా, మిగిలిన రెండు దారులకూ నష్టం లేదు.

జవాబు కోసం ఎదురుచూస్తూ ఓపెన్ స్కూల్ ప్రవేశాలను మాత్రం వదులుకోకండి, ఎందుకంటే మూడు పాయల్లో ఏది ఎంచుకున్నా అది తప్పదు. ప్రకటన రాగానే దగ్గరి అధ్యయన కేంద్రానికి వెళ్ళి, పదో తరగతి మెమో, టీసీ, కులధ్రువీకరణ, ఆధార్ తీసుకెళ్ళి చేరండి. పదో తరగతి మెమోలో, డిగ్రీలో, ఆధార్‌లో మీ ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో కూడా చూసుకోండి. పెళ్ళయిన ఆడవారి కాగితాల్లో ఈ తేడా తరచూ వస్తుంది, ఇప్పుడే సరిచేయించుకుంటే కౌన్సెలింగ్ రోజున అఫిడవిట్ల కోసం పరుగెత్తనక్కరలేదు. ఐదు సబ్జెక్టులు ఏవి తీసుకున్నారో, బార్ కౌన్సిల్ ఏమన్నదో నాకు మళ్ళీ రాయండి.